ఎనిమిది వేసేటప్పుడు చూపెక్కడ?

విజయపురి సౌత్‌లో కాపురమున్నవాళ్లకు బండితో పని ఎక్కువ. నాగార్జునసాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో కుడిగట్టున వెలసిన కాలనీ ఇది. నాగార్జునకొండకు లాంచీలు ఇక్కణ్నుంచే బయల్దేరతాయి. అనుపు, ఎత్తిపోతల చూడవచ్చే పర్యాటకుల కార్లు, బస్సులు సెలవు రోజుల్లో బారులు తీరతాయి. నకిరేకల్ నుంచి ఏర్పేడు దాకా పోయే 565వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే కృష్ణను దాటి మాచర్ల వైపు సాగుతుంది. పెద్ద పని ఏదున్నా మాచర్ల రోడ్డెక్కాల్సిందే. అందుకే ఇక్కడి పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండడం ఆలస్యం, ఎల్ఎల్ఆర్‌కు, అంటే లెర్నర్ లైసెన్సుకు, దరఖాస్తు పెట్టేస్తారు. ఆ తర్వాత నెల రోజులకు అసలు గండం మొదలవుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎదుట బండి నడిపి చూపించాలి.

“ఎనిమిది వేయాలంట, కాలు కింద పెట్టకూడదంట, కారైతే రివర్సులో తీయాలంట” అని ఒకరికొకరు చెప్పుకుని భయపడటమే తప్ప, ఆ పరీక్షలో ఏం చూస్తారో, ఎందుకు చూస్తారో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఎనిమిది అంకె వెనకా, రివర్సు వెనకా, మిట్ట మీద బండి ఆపి కదిలించడం వెనకా కొంత భౌతికశాస్త్రం ఉంది, కొంత మెదడు సంగతీ ఉంది. అవి తెలిసినవాళ్లు సాధన చేసే తీరే వేరుగా ఉంటుంది.

ముందు కాగితాల సంగతి. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే పరీక్షకు కూర్చోవచ్చు. విజయపురి సౌత్ ఉన్న పల్నాడు జిల్లాకు రవాణా కార్యాలయం ఉన్నది జిల్లా కేంద్రం నరసరావుపేటలో. ఏ ఊళ్లో స్లాట్ దొరికినా, ఏ తరగతి లైసెన్సు కావాలో ఆ తరగతి బండినే తీసుకుపోవాలి. గేరు బండికి లైసెన్సు అడిగి స్కూటీ మీద పరీక్షకు దిగితే కుదరదు. బండి ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ వెంట ఉండాలి. బండి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం కనిపించాలి. హెల్మెట్ పెట్టుకోకుండా ద్విచక్ర వాహన పరీక్షకు వెళ్లడం అంటే అడుగు పెట్టకముందే తప్పు చేయడం.

ఇక ట్రాక్ దగ్గరికి. బండి పరీక్షలో ఎక్కువమంది తడబడేది నేల మీద గీసిన ఎనిమిది అంకె దగ్గరే. రోడ్డు మీద అరవైలో దూసుకుపోయే కుర్రాడు కూడా ఇక్కడికి వచ్చేసరికి కాలు కింద మోపుతాడు. ఇందులో వింతేమీ లేదు. వేగంగా పోయే బండి తన నిలకడలో చాలా భాగం తానే చూసుకుంటుంది. నెమ్మదిగా పోయే బండిని మనిషే నిలబెట్టాలి.

రెండు చక్రాల బండి పడిపోకుండా ఉండటానికి తిరిగే చక్రాలే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. తిరిగే బొంగరం నిలబడ్డట్టే ఇదీ అన్నారు. 2011లో అమెరికాలోని కార్నెల్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక విచిత్రమైన సైకిల్ తయారుచేశారు. చక్రాల భ్రమణ ప్రభావం రద్దయ్యేలా వ్యతిరేక దిశలో తిరిగే మరో జత చక్రాలు పెట్టారు. ముందు చక్రం దానంతటదే సరిగ్గా తిరగడానికి తోడ్పడుతుందనుకునే అమరికనూ తీసేశారు. అయినా దాన్ని తోసి వదిలితే మనిషి లేకుండానే తిన్నగా పోయింది. వాళ్లు తేల్చిందేమిటంటే, బండి ఏ పక్కకు ఒరిగితే ముందు చక్రం ఆ పక్కకే తిరగాలి. అలా తిరిగితే చక్రాలు ఒరిగిపోతున్న బరువు కిందికి వచ్చి చేరతాయి. భ్రమణ ప్రభావం, ముందు చక్రం అమరిక, బరువు ఎక్కడుందన్న లెక్క అన్నీ కలిసి ఈ పని చేస్తాయి. వేగం ఉన్నప్పుడు బండే దీన్ని చేసుకుంటుంది. నడక వేగానికి దిగితే ఆ పని రైడరు చేతుల మీద పడుతుంది.

ఇక్కడో లెక్క ఉంది. ఒరిగిన బండిని నిలబెట్టే ప్రభావం వేగం వర్గంతో పాటు మారుతుంది. వేగం సగానికి తగ్గితే, అదే ఒరుగుడును సరిచేయడానికి హ్యాండిల్‌ను సుమారు నాలుగు రెట్లు ఎక్కువ తిప్పాలి. రోడ్డు మీద వేలి కదలికంత సరిపోయే సర్దుబాటు, ట్రాక్ మీద మోచేతి దాకా కదలాల్సిన పనవుతుంది. అరవైలో నడిపిన అలవాటు పదిలో పనికిరాకపోవడానికి ఇదే కారణం. పైగా ఎనిమిది మధ్యలో గీతలు కలిసే చోట ఎడమ మలుపు కుడి మలుపుగా మారుతుంది. అప్పటిదాకా ఒక పక్కకు సర్దుకున్న శరీరం అర క్షణంలో రెండో పక్కకు సర్దుకోవాలి. కాలు కింద పడేది చాలాసార్లు అక్కడే.

అందుకే తెలిసిన శిక్షకులు యాక్సిలరేటర్ ఒకే తీరున పట్టుకోమంటారు, హాఫ్ క్లచ్‌లో ఉంచమంటారు, వేగాన్ని కాలి కింది వెనక బ్రేకుతో అదుపు చేయమంటారు. గేరు లేని స్కూటరైతే ఎడమచేతి బ్రేకుతో. ఇంజిను లాగుతూ ఉంటే, వెనక బ్రేకు సున్నితంగా పట్టి ఉంచితే బండి కుదుపు లేకుండా సాగుతుంది. హ్యాండిల్ బాగా తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు నొక్కితే మాత్రం బండి లోపలి పక్కకు కూలబడుతుంది. కంగారులో కుడిచేతి వేళ్లు తెలియకుండానే ముందు బ్రేకు మీదికి పోతాయి. ఆ వేళ్లను అక్కణ్నుంచి తీసి యాక్సిలరేటర్ చుట్టూ చుట్టేయడం సగం సాధన.

మిగతా సగం చూపుది. 1994లో మైకేల్ లాండ్, డేవిడ్ లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వంకర రోడ్డు మీద కారు నడిపేవాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో కెమెరాతో పట్టి, ఆ ఫలితాలను నేచర్ పత్రికలో అచ్చువేశారు. మలుపు రాకముందే, ఒకటి రెండు సెకన్ల ముందుగా, డ్రైవర్ల చూపు మలుపు లోపలి అంచు మీదికి పోతోంది. చూపు వెళ్లిన తర్వాత చేతులు దాన్ని అనుసరిస్తున్నాయి. ఎనిమిది వేసేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే విషయం లేదు. ముందు చక్రాన్నీ, చక్రం కింది గీతనూ చూసేవాడికి దారి ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది. గీత దగ్గరికి వచ్చాక సరిదిద్దుతాడు, ఎక్కువ తిప్పుతాడు, మళ్లీ సరిదిద్దుతాడు, బండి ఊగిపోతుంది. తల పైకెత్తి తర్వాతి వంపు మధ్యకు చూసేవాడి బండి ఆ వంపులోకి దానంతటదే పోయినట్టు పోతుంది. నమ్మకం లేనివాళ్లు ఖాళీ మైదానంలో సుద్దతో గీసి రెండు రకాలుగానూ వేసి చూడవచ్చు. తేడా మొదటి చుట్టులోనే తెలుస్తుంది.

కారు సంగతి వేరు. అది ఒరిగిపోదు కానీ, దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు. మలుపులో అవి లోపలికి కోసుకుని వస్తాయి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.4 మీటర్ల దూరమున్న చిన్న కారును, ముందు చక్రాలు 4.7 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేలా గట్టిగా తిప్పితే, వెనక చక్రాలు సుమారు 65 సెంటీమీటర్లు లోపలి నుంచి పోతాయి. ట్రాక్ అంచు కడ్డీని ముందు భాగం తప్పించుకున్నా వెనక తలుపు తాకేది ఈ 65 సెంటీమీటర్ల వల్లే. లాంచీ స్టేషన్ దగ్గర పార్కింగ్‌లో గీతలు పడిన కార్ల వెనక తలుపులు చూసినా ఇదే తెలుస్తుంది. రివర్సులో కథ తిరగబడుతుంది. వెనక భాగం ముందు నడుస్తుంది, ముందు భాగం బయటికి విసురుగా తిరుగుతుంది. కళ్లు వెనక చూస్తుంటే ముక్కు పక్కదాన్ని తాకుతుంది. పక్క అద్దాలు కుంభాకార దర్పణాలు కావడంతో వస్తువులను చిన్నవిగా, ఉన్నదానికన్నా దూరంగా చూపిస్తాయి. అందుకే రివర్సు తీసేటప్పుడు అద్దాలతో పాటు తల తిప్పి చూడటం పరీక్షించేవాళ్లు గమనిస్తారు. వేగాన్ని ఇక్కడ క్లచ్‌తోనే అదుపు చేయాలి, యాక్సిలరేటర్‌తో పని దాదాపు లేదు.

మిట్ట మీద ఆపి కదిలించడం విజయపురి సౌత్ వాళ్లు ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. డ్యామ్ దిగువన నదిని దాటాక దారి కాలనీ వైపు ఎత్తుకు ఎక్కుతుంది. అలాంటి చోట, వంద మీటర్లకు పది మీటర్లు లేచే మిట్ట మీద 900 కిలోల కారు ఆగిందనుకుందాం. దాన్ని కిందికి లాగే బలం 90 కిలోల బరువుకు సమానం. ఒక నిండు మనిషి వెనక నుంచి కారును పట్టుకుని వేలాడుతున్నట్టే. బ్రేకు వదిలి కాలు యాక్సిలరేటర్ మీదికి పోయేలోగా ఒక సెకను గడిచిందా, కారు దాదాపు అర మీటరు వెనక్కి జారుతుంది. రెండు సెకన్లు గడిస్తే రెండు మీటర్లు. సమయం రెట్టింపైతే జారే దూరం నాలుగు రెట్లవుతుంది. వెనక ఆటో ఆనుకుని ఆగి ఉంటే ఆ రెండో సెకను చాలు.

దీనికి విరుగుడు హ్యాండ్ బ్రేక్. అది లాగి ఉంచి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్‌ను అతి నెమ్మదిగా పైకి వదలాలి. ఒక చోట ఇంజిను శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కాస్త పైకి లేస్తుంది. ఇంజినుతో కలిసి తిరిగే పలక, చక్రాలకు బలం పంపే పలకను ఒరుసుకోవడం మొదలైందన్నమాట. ఆ క్షణంలో పాదాన్ని అక్కడే నిలిపి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, హ్యాండ్ బ్రేక్ దించితే కారు వెనక్కి జారదు. పాదాన్ని ఇంకా పైకి వదిలేస్తే ఇంజిను ఆగిపోతుంది. అక్కడే ఎక్కువసేపు ఉంచితే ఆ ఒరిపిడి వేడికి క్లచ్ ప్లేటు మాడిన వాసన వస్తుంది. ఈ విన్యాసం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో, 15వ నిబంధన కింద, రాసి ఉన్నదే. నిటారు మిట్ట మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలని అది స్పష్టంగా అడుగుతుంది. అద్దాలు సరిచేసుకోవడం, పల్లంలో కింది గేర్లకు మారడం, సిగ్నల్ ఇచ్చి మలుపు తిరగడం, జాగ్రత్తగా ఓవర్‌టేక్ చేయడం, ఇరుకు సందులోకి రివర్సు తీయడం కూడా ఆ జాబితాలోనివే. ట్రాక్ మీద నిజంగా చూసేది ఈ జాబితాలో కొంతే.

అసలు ఈ విన్యాసాలన్నిటితో తేల్చుకోవాలనుకునేది ఏమిటి? చేతులకూ కాళ్లకూ పని అలవాటైపోయి, కళ్లకు తీరిక దొరికిందా అన్నది. 1972లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో మౌరాంట్, రాక్‌వెల్ అనే పరిశోధకులు కొత్త డ్రైవర్లనూ అనుభవజ్ఞులనూ పోల్చారు. కొత్తవాళ్లు బండికి దగ్గరగా ఉన్న రోడ్డునే చూస్తున్నారు, అద్దాల వైపు చూపు తక్కువగా పోతోంది. దూరం చూడాల్సిన కళ్లు బండిని గీతల మధ్య ఉంచడానికే ఖర్చయిపోతున్నాయి. 1998లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకొకటి గమనించారు. అనుభవజ్ఞులు రద్దీ రోడ్డులో అటూ ఇటూ విస్తారంగా చూస్తున్నారు, ప్రశాంతమైన రోడ్డులో చూపు తీరు మారుస్తున్నారు. కొత్తవాళ్ల చూపు రోడ్డు ఎలాంటిదైనా ఒకేలా ఉంది. గేరు ఏదో కాలి కింద తెలియాలి, చూసుకోవాల్సిన అవసరం పడకూడదు. అప్పుడే పక్కసందు నుంచి వచ్చే మేక కళ్లకు ముందుగా కనిపిస్తుంది.

ఇక భయం. పరీక్ష రోజున తెలిసిన పని కూడా చేతులకు రాదు. 2001లో బీలాక్, కార్ అనే మనస్తత్వవేత్తలు గోల్ఫ్ బంతిని గుంతలోకి కొట్టే పని మీద ప్రయోగాలు చేశారు. బాగా అలవాటైన పనిని ఒత్తిడి వేళ అడుగడుగునా గమనించుకుంటూ చేయబోతే అది చెడుతోంది. “ఇప్పుడు క్లచ్, ఇప్పుడు గేరు” అని లోలోపల లెక్కపెట్టుకోవడం కొత్తలో మేలు చేస్తుంది, పని ఒంటబట్టాక అదే అడ్డు తగులుతుంది. ఆ ప్రయోగాల్లోనే ఒక ఊరట కూడా ఉంది. నేర్చుకునేటప్పుడే వీడియో కెమెరా ఎదుట సాధన చేసినవాళ్లు ఒత్తిడిలోనూ తడబడలేదు. కాబట్టి పరీక్షకు వారం ముందు నుంచి అన్నయ్యనో స్నేహితురాలినో పిలిచి, సెల్‌ఫోన్‌లో తీయమని చెప్పి ఎనిమిది వేయడం మంచిది. చూసేవాళ్లుండగా తప్పు చేసే అనుభవం ముందే అయిపోతుంది.

కెమెరా చూస్తుండగా నడపడం ఇప్పుడు చాలాచోట్ల పరీక్షలోనే భాగం. దేశంలో వస్తున్న ఆటోమేటిక్ ట్రాకుల్లో గీత తాకిందా, ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ ఆడించారు అన్నవి సెన్సర్లు, కెమెరాలే లెక్కగడతాయి. 2019లో దెహ్రాదూన్‌లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ల పద్ధతి అమల్లోకి వచ్చింది. కారు అద్దానికి బిగించిన ఒక స్మార్ట్‌ఫోన్ చాలు. దాని ముందు కెమెరా డ్రైవర్ ముఖాన్ని, అద్దాల వైపు చూస్తున్నాడా లేదా అన్నదాన్ని గమనిస్తుంది. వెనక కెమెరా ట్రాక్‌ను చూస్తుంది. ఎక్కడ తప్పు జరిగిందో అభ్యర్థికి చూపించగలగడం ఇందులో గొప్ప మేలు. “ఎందుకు ఫెయిల్ చేశారో తెలియదు” అనే బాధ అక్కడితో పోతుంది.

అయినా ట్రాక్ ఎంత బాగున్నా ఒక సంగతి అక్కడ తేలదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 71.2 శాతం మంది మృతికి అతివేగం కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ఎనిమిది అంకె పది కిలోమీటర్ల వేగంలో జరిగే పరీక్ష. మాచర్ల రోడ్డు మీద అరవైలో పోయేవాడి బండి సెకనుకు 16.7 మీటర్లు సాగుతుంది. ఎదురుగా గేదె కనిపించి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి సెకనున్నర పడితే 25 మీటర్లు అప్పటికే దాటిపోతాయి. పొడి తారు రోడ్డు మీద, మంచి బ్రేకులతో, ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. అదే ఎనభైలో అయితే మొదటిది 33 మీటర్లు, రెండోది 36 మీటర్లు. వేగం పెరిగింది మూడో వంతు, ఆగే దూరం పెరిగింది సగానికి పైగా. ఈ లెక్క ఏ ట్రాకూ అడగదు.

బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్ష 1935 జూన్‌లో తప్పనిసరైంది. అక్కడ పరీక్ష మామూలు రోడ్డు మీదే, ట్రాఫిక్ మధ్యలో, దాదాపు నలభై నిమిషాలు సాగుతుంది. 2002లో దానికి ముందు ఇంకో అంచె చేర్చారు. తెర మీద వీడియో నడుస్తుంటే ప్రమాదం ముదరకముందే పసిగట్టి మీట నొక్కాలి. 2017 డిసెంబరు నుంచి, పరీక్షకుడు అడుగడుగునా చెప్పకుండా అభ్యర్థి సొంతంగా దారి చూసుకుని నడిపే వ్యవధిని ఇరవై నిమిషాలకు పెంచారు. ఆ దారిలో మన పరీక్ష చాలా వెనకబడి ఉందన్నది కాదనలేని మాట. మన 15వ నిబంధన రోడ్డు మీద చూడాల్సినవన్నీ ఏనాడో రాసి పెట్టింది. దాన్ని పూర్తిగా అమలు చేస్తే ఎన్నో ప్రాణాలు దక్కవచ్చు.

2021 జులై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో నేర్చుకుని అక్కడి పరీక్ష నెగ్గితే రవాణా కార్యాలయంలో మళ్లీ పరీక్ష అక్కర్లేదన్న వీలు వచ్చింది. అక్కడ కారుకు 29 గంటల శిక్షణ. అందులో 8 గంటలు పాఠాలు, 21 గంటలు స్టీరింగ్ పట్టుకుని. పల్నాడుకు పొరుగునే దర్శిలో డ్రైవింగ్ శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. పది రోజుల్లో నేర్పేస్తామని ఊరూరా కనిపించే బోర్డుల పక్కన ఆ 29 గంటల సంఖ్యను పెట్టి చూసుకోవాలి.

మొదటిసారి తప్పినవాళ్లు ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లూ తప్పితే 60 రోజులు ఆగాలి. ఆ ఏడు రోజులనూ శిక్షగా చూడనక్కర్లేదు. 2002లో హార్వర్డ్ పరిశోధకులు వేళ్లతో ఒక వరుసలో మీటలు నొక్కే పని నేర్పి చూశారు. నేర్చుకుని రాత్రి నిద్రపోయినవాళ్ల వేగం పొద్దునకు సుమారు 20 శాతం పెరిగింది. అంతే సమయం మెలకువగా ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. చేతులు నేర్చిన పనిని మెదడు నిద్రలో స్థిరపరుస్తుంది. అంటే పరీక్ష ముందు రోజు ఆరు గంటలు ఏకధాటిగా ఎనిమిదులు వేసేకన్నా, వారమంతా రోజుకు అరగంట చొప్పున వేసి, కంటినిండా నిద్రపోవడం లాభం. ఏ బండి మీద పరీక్షకు వెళ్తారో ఆ బండి మీదే వేయాలి. బండి మారితే క్లచ్ పట్టే చోటూ మారుతుంది. చివరి రోజున బ్రేకులు, టైర్లలో గాలి, ఇండికేటర్లు, హారన్ చూసుకుని, కాగితాలు సంచిలో పెట్టుకుంటే సరిపోతుంది.